ఎవరి బాకీకి ఎవరి జప్తు

ప్రభుత్వోద్యోగి లంచాల ద్వారా కూడబెట్టిన ఆస్తిని రాజ్యం తిరిగి తీసుకోవడం అతనికి విధించే శిక్షలో ఒక భాగమా, లేక శిక్షతో నిమిత్తం లేకుండా ప్రజల సొమ్మును ప్రజలకు చేర్చే చర్యా అన్న ప్రశ్న న్యాయశాస్త్రంలో చాలాకాలంగా నలుగుతున్నది. జైలుశిక్ష నేరస్థుని స్వేచ్ఛను కొంతకాలం హరిస్తుంది, జరిమానా అతని సంపదను కొంత తగ్గిస్తుంది. అయితే మేడా, పొలమూ, బంగారమూ కుటుంబం చేతిలో యథాతథంగా మిగిలిపోతే, జైలులో గడిపిన నాలుగేళ్లు ఆ సంపాదనకు పెట్టిన ఖర్చు కిందనే జమ అవుతాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో, అంటే ఎకరాల లెక్కన ఇంటి పరువును, పెళ్లి సంబంధాలను కూడా తూచే కృష్ణా డెల్టాలో, ఈ మాట మరింత బలంగా వర్తిస్తుంది. అందువల్ల అవినీతిపై చర్చ ఏదైనా చివరికి ఆస్తి దగ్గరకే రావలసి ఉంటుంది.

ఇక్కడ రెండు దశలను విడదీసి చూడాలి. కేసు తేలేలోగా ఆస్తిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా, మరొకరి పేర రాయకుండా కోర్టు కట్టడి చేయడం జప్తు. నేరం రుజువైన తరువాత ఆ ఆస్తిపై హక్కు శాశ్వతంగా ప్రభుత్వానికి సంక్రమించడం స్వాధీనం. మొదటిది జాగ్రత్త చర్య, రెండవది తుది ఫలితం. జప్తు వార్త పత్రికలో పడగానే ఆస్తి ప్రభుత్వానికి వచ్చేసినట్టు జనం భావించడం సహజమే అయినా, ఆ రెంటి మధ్య సాధారణంగా ఏళ్లు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు గడుస్తాయి.

డెల్టాకు ఈ సమస్య కొత్తది కాదు. కోయంబత్తూరులో కాశీచెట్టి అనే కచేరీ ఉద్యోగి సాగించిన భారీ స్వాహా 1810 దశకంలో బయటపడి, థామస్ మన్రో సభ్యుడుగా ఉన్న విచారణ సంఘం దాని లోతులు తేల్చిన తరువాత, మద్రాసు ప్రభుత్వం 1822లో తొమ్మిదవ రెగ్యులేషన్ చేసి, రెవెన్యూ ఉద్యోగుల లంచగొండితనాన్ని, స్వాహాలను స్వయంగా విచారించే అధికారం కలెక్టర్లకు ఇచ్చింది. చట్టమైతే వచ్చింది గాని, పాతికేళ్లు తిరక్కుండానే గుంటూరు కలెక్టరేటు అదే జబ్బుతో మంచం పట్టింది. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832-33 నాటి కరువు, జిల్లాను కుంగదీసిన తరువాత పదేళ్లకు పైగా శిస్తు రాబడి కోలుకోకపోవడంతో, కారణం వెతకడానికి వాల్టర్ ఇలియట్‌ను పంపగా, ఆయన 1846లో నివేదిక సమర్పించాడు. అమరావతి స్తూప శిల్పాలను తవ్వించి మద్రాసుకు చేర్చిన ఇలియట్ ఈయనే. కచేరీలోని శిరస్తాదారులు మొదలు ఊరి కరణాల వరకు లెక్కలన్నీ ఒక ముఠా గుప్పిట్లో ఉండేవనీ, వచ్చిపోయే దొరలకు ఆ లెక్కలలోకి దారే దొరికేది కాదనీ చరిత్రకారుడు రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో వెలువరించిన గుంటూరు జిల్లా చరిత్రలో సవివరంగా నిరూపించాడు. చివరకు 1859లో గుంటూరు కలెక్టరేటే రద్దయి, తిరిగి 1904లో గాని జిల్లాగా ఏర్పడలేదు.

లెక్క రాసేవాని చేతిలోనే లెక్క తనిఖీ కూడా ఉన్నచోట స్వాహా సొమ్మును రాబట్టడం ఎంత కష్టమో ఆ ఉదంతం చూపుతుంది. దీనికి పక్కనే పెట్టి చూడవలసిన చట్టం మరొకటి ఉన్నది. అది 1864 నాటి రెవెన్యూ వసూలు చట్టం. శిస్తు బాకీపడిన రైతుకు డిమాండు నోటీసు ఇచ్చి, గడువు దాటితే అతని చరాస్తినీ, పంటనూ, ఆపై భూమినీ జప్తు చేసి వేలం వేసే అధికారం, ముందుగా కోర్టు గుమ్మం ఎక్కే అవసరం లేకుండానే, రెవెన్యూ యంత్రాంగానికి ఈ చట్టం ఇచ్చింది. బాపట్లకు చేరువలోని పెదనందిపాడు ఫిర్కాలో 1922 ఆరంభంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణోద్యమం నడిచినప్పుడు, గ్రామోద్యోగులు రాజీనామాలు ఇవ్వగా, ప్రభుత్వం ప్రయోగించిన ప్రధానాయుధం ఈ జప్తే. శిస్తు కట్టనన్నందుకు ఇళ్లలోకి వచ్చి సామాను పట్టుకుపోయిన రాజ్యాన్ని ఆ పల్లెలు చూశాయి. ఆ చట్టం సవరణలతో నేటికీ అమలులో ఉన్నది. రైతు బాకీలనే కాదు, ప్రభుత్వానికి రావలసిన అనేక ఇతర మొత్తాలను కూడా దానికిందనే వసూలు చేస్తారు.

అంటే ఆస్తిని జప్తు చేయడం చేతకాని రాజ్యం కాదిది. రైతు విషయంలో వారాల్లో కదిలే చేయి, ఆ రైతు దగ్గర లంచం మేసిన ఉద్యోగి విషయంలో ఏళ్లు తీసుకుంటున్నది. ఉద్యోగికి కోర్టు రక్షణ ఉండడం తప్పు కాదు, ఉండి తీరాలి. రైతుకు అంతపాటి రక్షణ లేకపోవడం, ఉద్యోగి విచారణ చట్టం చెప్పిన గడువులో ముగియకపోవడం మాత్రం తప్పే.

నేరస్థుని యావదాస్తిని స్వాధీనపరచుకునే శిక్ష భారత శిక్షాస్మృతిలో ఒకప్పుడు ఉండేది. దానికి సంబంధించిన 61, 62 సెక్షన్లను 1921లో రద్దు చేశారు. ఒకని నేరానికి ఇంటిల్లిపాదీ అన్నానికి అంగలార్చకూడదన్న భావన ఆనాటికి నాగరిక సమాజాల్లో స్థిరపడింది, అది సరైన భావనే. ఆ తరువాత మిగిలింది, నేరంతో ముడిపడిన ఆస్తిని మాత్రమే తీసుకునే పద్ధతి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక సరఫరాలు, కాంట్రాక్టుల చుట్టూ ప్రబలిన మోసాలను అరికట్టడానికి 1944లో క్రిమినల్ లా సవరణ ఆర్డినెన్సు వచ్చింది. ఆర్డినెన్సు అంటే చట్టసభ కూర్చోనప్పుడు చేసే తాత్కాలిక శాసనం. కాని యుద్ధకాలపు ప్రత్యేక ఏర్పాటు కారణంగా 1940 జూన్ నుంచి 1946 ఏప్రిల్ 1 వరకు వెలువడిన ఆర్డినెన్సులకు ఆరు నెలల కాలపరిమితి వర్తించలేదు. కనుక ఎనభై ఏళ్లు దాటినా అది సజీవంగానే ఉన్నది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ 18-ఎ సెక్షన్ ద్వారా అవినీతి ఆస్తుల జప్తుకు, నిర్వహణకు, స్వాధీనానికి ఈ పాత ఆర్డినెన్సు పద్ధతినే వర్తింపజేసింది. ప్రభుత్వ అనుమతితో దరఖాస్తు దాఖలవుతుంది. న్యాయమూర్తి మొదట తాత్కాలిక జప్తుకు ఉత్తర్వు ఇచ్చి, ఆస్తిపై హక్కు చెప్పేవారి అభ్యంతరాలు విని, ఆపై దానిని ఖాయపరచడమో, ఎత్తివేయడమో చేస్తాడు. తగిన హామీ చూపితే ఆస్తిని విడిపించుకునే వీలు కూడా నిందితునికి ఉన్నది.

ఇంతకూ ఏ ఆస్తి అక్రమమో తేల్చేది ఎట్లా? లంచం తీసుకుంటూ పట్టుబడ్డ కేసులో నోట్లకు పూసిన ఫినాల్ఫ్తలీన్ పొడి సాక్ష్యం చెబుతుంది. సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచిన వేళ్లు గులాబి రంగుకు తిరిగితే, తాకినవాడెవరో తెలిసిపోతుంది. ఆ సొమ్ము ఎవరిదో తెలుసు కనుక ఫిర్యాదుదారుకు తిరిగి ముట్టే ఏర్పాటున్నది. ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో అటువంటి రంగు లేదు, ఇచ్చినవాని పేరూ లేదు. అవినీతి నివారణపై నియమించిన సంతానం సంఘం సిఫారసుల దరిమిలా 1964లో ఈ నేరం అవినీతి నిరోధక చట్టంలో చేరింది. ఫలానా లంచం ఫలానా రోజున తీసుకున్నాడని రుజువు చేయనక్కరలేకుండా, తెలిసిన ఆదాయంతో పొసగని ఆస్తి ఉన్నదని ప్రాసిక్యూషన్ చూపిస్తే, దానికి తృప్తికరమైన వివరణ ఇచ్చే భారం ఉద్యోగిపై పడుతుంది. ఈ ఏర్పాటు రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1991లో, మద్రాసు హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. వీరాస్వామి కేసులో స్పష్టం చేసింది.

లెక్క చూడటానికి తేలికగానే ఉంటుంది. దర్యాప్తుకు ఎంచుకున్న సంవత్సరాలను చెక్ పీరియడ్ అంటారు. ఆ కాలంలో పెరిగిన ఆస్తికి, అదే కాలంలో ఇంటికైన ఖర్చును కలిపి, మొత్తంలోనుంచి సక్రమ ఆదాయాన్ని తీసివేస్తే మిగిలినదే లెక్కకు చిక్కని సొత్తు. ఉదాహరణకు ఒక ఉద్యోగి ఆస్తి ఆ కాలంలో 105 లక్షలు పెరిగి, ఖర్చు 35 లక్షలై, ఆదాయం 60 లక్షలైతే, సమాధానం చెప్పవలసిన మొత్తం 80 లక్షలు. కాని ఈ మూడంకెలలో ప్రతి ఒక్కటీ ఒక యుద్ధరంగమే. సోదా నాడు మధ్యవర్తుల సమక్షంలో బీరువాలు తెరిచి, బంగారాన్ని కంసాలి త్రాసులో తూచి, బ్యాంకు లాకర్ తాళపుచెవులు సీలు వేసి, ఫ్యాను మొదలు సోఫా దాకా పేరుపేరునా రాసి జాబితా తయారు చేస్తారు. ఆపై ఇంటి గోడలు కొలిచే ఇంజనీరు చదరపు అడుగుకు వేసిన ధర ఒకటి, నిందితుడు చూపే సిమెంటు, ఇటుక రసీదుల ధర మరొకటి. జాబితాలో ఏ వస్తువు ఎప్పుడు కొన్నదో నిలదీస్తే, పెళ్లినాటిదన్న జవాబు తరచుగా వస్తుంది.

డెల్టాలో ఈ వివరణలకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో, రెండెకరాలో రాసివ్వడం ఇక్కడి కుటుంబాల్లో ఎరిగిన ఆచారమే కనుక, ఉద్యోగి భార్య పేర ఉన్న పొలమంతా అనుమానాస్పదమేనని చెప్పడానికి వీలులేదు. నిజంగా పుట్టింటి నుంచి వచ్చిన పొలాన్ని అవినీతి కింద జమకట్టడం ఆమెకు చేసే ద్రోహమే అవుతుంది. అయితే అదే ఆచారం ముసుగుగా కూడా పనికివస్తుంది. వ్యవసాయాదాయం మరీ చిక్కు. సార్వా వరి, ఆపై మినుము, రేపల్లె, నిజాంపట్నం దిక్కున రొయ్యల చెరువుల రాబడి, వీటిలో చాలా భాగం నోటిమాట కౌలు మీద నడుస్తుంది. కౌలు పత్రం ఉండదు, ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయాదాయానికి మినహాయింపు ఇచ్చింది కాబట్టి పన్ను చెల్లింపు రుజువూ ఉండదు. కాగితం లేని ఆదాయాన్ని నిజాయితీపరుడు రుజువు చేసుకోలేడు, అబద్ధీకుడు ఎంతైనా పెంచి చెప్పుకోగలడు.

ఇందుకు విరుగుడు ఒకటి ఉండేది. 1988 చట్టంలో సక్రమమైన ఆదాయమైతే చాలదు, సర్వీసు నిబంధనల ప్రకారం దానిని ప్రభుత్వానికి ఎప్పటికప్పుడు తెలియజేసి కూడా ఉండాలన్న షరతు పెట్టారు. రాష్ట్రోద్యోగుల ప్రవర్తనా నిబంధనలు, 1964లోని 9వ నిబంధన ఆస్తి వివరాలు సమర్పించాలని అప్పటికే కోరుతున్నది. 2018 సవరణ ఆ తెలియజేయాలన్న షరతును నిర్వచనంలోనుంచి తొలగించి, సక్రమ మార్గంలో వచ్చిన ఆదాయమైతే చాలునన్నది. శిక్షలను, జప్తు పద్ధతిని గట్టిపరచిన సవరణే ఈ ఒక్క చోట కట్ట తెంపడం విచారకరం. పొలం వచ్చిన నాడే ఒక కాగితం మీద చెప్పి ఉండవలసిన ఉద్యోగి, పదేళ్ల తరువాత సోదా జరిగినప్పుడు చెప్పుకుంటే చాలునన్న పరిస్థితి దర్యాప్తును బలహీనపరుస్తుంది.

అంకెల మీద ఎంత భారం ఉంటుందో తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలిత కేసు చూపింది. 1991 జూలై నుంచి 1996 ఏప్రిల్ వరకు చెక్ పీరియడ్‌గా తీసుకున్న ఆ కేసులో హైదరాబాదు శివార్లలోని ద్రాక్షతోట కూడా చర్చకు వచ్చింది. తోట అంతకు చాలా ముందే కొన్నది కనుక, చెక్ పీరియడ్‌లో అక్కడ కొత్తగా వెలసిన కట్టడాల విలువను మాత్రమే ఆరోపణలో కలిపారు. బెంగళూరు ప్రత్యేక కోర్టు 2014 సెప్టెంబరు 27న జైలుశిక్ష, 100 కోట్ల జరిమానా, ఆస్తుల స్వాధీనం విధించగా, 2015 మే 11న కర్ణాటక హైకోర్టు అక్రమాస్తి ఆదాయంలో 8.12 శాతమేనని లెక్కగట్టి నిందితులందరినీ విడుదల చేసింది. పది శాతం లోపు తేడాను ఉపేక్షించవచ్చునన్న పాత తీర్పుతో పాటు, ఇరవై శాతం దాకా అనుమతించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సర్క్యులర్ ఒకటి ఆ తీర్పులో ఆధారంగా నిలవడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. ఆదాయం కింద లెక్కించిన రుణాల పట్టికలో విడివిడి అంకెల మొత్తం పది కోట్ల అరవై ఏడు లక్షల పైచిలుకు కాగా, తీర్పు దానిని ఇరవై నాలుగు కోట్ల పదిహేడు లక్షలుగా చూపింది. కూడికలో తేలిన ఆ తేడా 13.5 కోట్లు. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దుచేసి ప్రత్యేక కోర్టు నిర్ణయాన్ని నిలబెట్టింది. అప్పటికే ఆమె కన్నుమూసినా స్వాధీనం మాత్రం ఆగలేదు. నగలు తమిళనాడు ప్రభుత్వానికి అప్పగింత అయ్యేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది, అంటే సోదాలు జరిగిన నాటి నుంచి ఇరవై ఎనిమిదేళ్లు.

ఈ జాప్యాన్ని తప్పించడానికే ఒడిశా 2006లో, బీహారు 2009లో ప్రత్యేక న్యాయస్థానాల చట్టాలు చేశాయి. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే కోవలో అడుగువేసింది. బీహారు పద్ధతిలో, విచారణ నడుస్తుండగానే జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి నోటీసు ఇచ్చి, ముప్పై రోజుల్లో వివరణ కోరి, ఆరు నెలల్లో ఆస్తి విషయం తేల్చవలసి ఉంటుంది. తరువాత నిందితుడు నిర్దోషిగా తేలితే ఆస్తిని, అది వీలుకాకపోతే దాని విలువను ఏటా ఐదు శాతం వడ్డీతో తిరిగి చెల్లించాలి. ఇది శిక్ష కాదు, తాత్కాలిక స్వాధీనమేనన్న తర్కంతో సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో యోగేంద్రకుమార్ జైస్వాల్ కేసులో ఒడిశా, బీహారు చట్టాలను సమర్థించింది. తర్కం సరైనదే అయినా, ఉన్న ఇంటిని ఖాళీ చేసి వెళ్లిన కుటుంబానికి దానిని తాత్కాలికమని చెప్పి ఒప్పించడం సాధ్యం కాదు. అమరావతి రాజధాని ప్రకటన తరువాత ఇక్కడి భూముల ధరలు పెరిగిన తీరు చూసినవారికి, ఐదు శాతం వడ్డీతో పోయిన స్థలం తిరిగి రాదని వేరే చెప్పనక్కరలేదు. కనుక నివాసగృహం వరకైనా తీర్పు వచ్చేదాకా జప్తుతో సరిపెట్టి, పొలాలు, ఖాళీ స్థలాలు, డిపాజిట్ల విషయంలో వేగంగా నడవడం న్యాయం.

ఇక మిగిలిన ప్రశ్న, వచ్చిన ఆస్తి ఎవరికి చెందాలన్నది. దొంగసొమ్ము దొరలపాలు అన్న సామెత ఈ సందర్భంలో నిజం కాకుండా చూసుకోవాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ ప్రకారం, నేరం వల్ల వచ్చిన సొత్తును జిల్లా మేజిస్ట్రేటు బాధితులకు అరవై రోజుల్లో పంచవచ్చు. మోసపోయిన డిపాజిటర్లకు అది వరమే గాని, పాసు పుస్తకం కోసమో, సర్వే కోసమో ఐదువేలు సమర్పించుకున్న రైతు ఆ జాబితాలోకి రాలేడు. బలవంతంగా లంచం ఇవ్వవలసి వచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే చట్టం అతన్ని నేరస్థుడుగా చూడదు. ఆ గడువు దాటినవాడు నోరు విప్పే ధైర్యం చేయడు. వ్యక్తికి చేరని సొమ్ము కనీసం ఊరికైనా చేరాలి. ఇటలీ 1996లో చేసిన 109వ చట్టం ముఠాల నుంచి స్వాధీనమైన ఇళ్లను, పొలాలను స్థానిక సంస్థలకు, సహకార సంఘాలకు అప్పగించే వీలు కల్పించింది. పట్నాలో ఒక ఐఏఎస్ అధికారి నుంచి స్వాధీనమైన మేడలో 2011లో బడి నడిపించారు. ఖజానాలో కలిసిపోయిన కోటి రూపాయలను చూసినవాడు లేడు, ఊళ్లో బడిగా మారిన మేడను మాత్రం ప్రతి పిల్లవాడూ చూస్తాడు.

తీర్పుకు ముందు దశలో కూడా చేయదగిన పని ఒకటున్నది. జప్తు ఉత్తర్వు తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి చేరితే, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలోకి ఎక్కి అమ్మకం ఆగుతుంది. ఉత్తర్వు చేరడంలో జాప్యమైతే ఆ సందులోనే పొలం చేతులు మారిపోతుంది. ఆగిన పొలం బీడుపడి ఉండడం వల్ల ఎవరికీ లాభం లేదు. జప్తులోని ఆస్తి నిర్వహణకు రిసీవరును, అంటే కోర్టు తరఫున ఆస్తిని చూసుకునే వ్యక్తిని, నియమించే అధికారం 1944 ఆర్డినెన్సులోనే ఉన్నది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందాలతో, ఆ పొలాన్ని ఆ ఊరి భూమిలేని కౌలురైతులకు రిసీవరు ఇవ్వవచ్చు. రుణం, పంటల బీమా పొందే అర్హత కాగితంతో సహా వారికి దక్కుతుంది. కౌలు సొమ్ము కోర్టు ఖాతాలో ఏటా జమ అవుతూ, ఉద్యోగి నిర్దోషి అయితే పొలంతోపాటు అతనికి, దోషి అయితే పొలంతోపాటు ప్రభుత్వానికి చేరుతుంది. కొత్త శాసనమేదీ అవసరం లేని ఈ ఏర్పాటుకు, జప్తు కోరుతూ ప్రభుత్వం వేసే దరఖాస్తులోనే రిసీవరు నియామకాన్ని కూడా అడిగితే సరిపోతుంది.